మంచం కింద జున్ను

కాకినాడ,
దీపావళికి ఇంకా మూడు వారాలు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ దీవెనలు.

వాట్సాప్‌లో నువ్వు పెట్టిన పొడుగాటి మెసేజ్ చదివి పెద్దమ్మ రెండు రోజులు ఆలోచించింది. ఫోన్లో అంత టైపు చెయ్యడం ఆవిడ వల్ల కాదు, అందుకే కాగితం. తన సంగతి తనే మూడో మనిషిలా చెప్పుకుంటుందని మీ అమ్మ వెక్కిరిస్తుంది కానీ, ఇన్నేళ్ళు జువాలజీ పాఠాలు చెప్పాక ఆ అలవాటు ఇక పోదు.

సెల్లార్‌లో దొరికిన నాలుగు నెలల పిల్లి. జున్ను అని పేరు. పదిహేను రోజులైనా మంచం కిందనుంచి బయటికి రాదు. లాగి ఎత్తుకుంటే గీరింది. అన్నం మాత్రం అర్ధరాత్రి అందరూ పడుకున్నాక తింటోంది. "దానికి నేనంటే ఇష్టం లేదేమో" అని చివర్లో ఏడుపు బొమ్మ. ఇష్టం సంగతి తరవాత. వీధిలో పెరిగిన పిల్లి గీరితే ఆ చోటిని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించాలి. చూపించి ఉండకపోతే ఈ ఉత్తరం పక్కన పడేసి ముందు ఆ పని చూడు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ నీకు చిన్నప్పుడు చెప్పిందే. ఎలుకల బాధ పోవాలని రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాలకోసం ఆవునీ పంచిపెట్టారు. రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు గిన్నెలో పోసి పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలింది. ఆ తరవాత పాలగిన్నె కనిపిస్తే చాలు, పిల్లి పరుగో పరుగు. పాలన్నీ ఆయన ఇంటిల్లిపాదీ తాగారు. వినేవాళ్ళంతా ఆయన తెలివికి నవ్వుతారు. ఈ మధ్య పెద్దమ్మ ఆ కథని పిల్లి వైపునుంచి చూడ్డం మొదలుపెట్టింది. కాలింది ఒక్కసారే. ఆ మర్నాటినుంచి పాలు వేడా చల్లనా అని అది మూతి పెట్టి చూడనే లేదు. (తల్లిపాలు మానేశాక పాలలోని లాక్టోజును అరిగించుకునే శక్తి చాలా పిల్లుల్లో తగ్గిపోతుంది. ఆ లెక్కన రామకృష్ణుడు తెలియక దానికి మేలే చేశాడేమో. జున్నుకు నువ్వు కూడా పాలు పొయ్యకు, మంచినీళ్ళు చాలు.)

కథలో రామకృష్ణుడు కావాలని చేశాడు. ఇళ్ళల్లో మనుషులు ప్రేమకొద్దీ చేస్తారు. పిల్లికి ఆ తేడా తెలియదు.

పెద్దమ్మ చేసిన ఘనకార్యమే ఉంది. మీ అమ్మ పెళ్ళికాక ముందు ఇంట్లో నల్లోడు అనే గండుపిల్లి ఉండేది. దాని చెవి వెనక పుండు పడింది. పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నిద్రపోతున్నదాన్ని మెడమీద తోలు పట్టి లేపి, బియ్యం గోనెసంచిలో వేసి, మూతి కట్టి, రిక్షాలో పెట్టుకుని వెళ్ళింది. పుండు పది రోజుల్లో మానింది. నల్లోడు మాత్రం ఆర్నెల్లు ఆవిడ చేతికి చిక్కలేదు. పెదనాన్న పిలిస్తే వచ్చేది, ఆవిడ పిలిస్తే ప్రహరీగోడ ఎక్కి కూర్చునేది. గోనెసంచి దులిపిన చప్పుడు వినిపిస్తే ఇక సాయంత్రం దాకా అయిపు లేదు. రోగం కుదిర్చిన మనిషిని అది కిడ్నాపర్ కింద జమకట్టింది.

ఆ మెడతోలు పట్టుకోవడం తప్పని పెద్దమ్మకి అప్పట్లో అనిపించలేదు. తల్లిపిల్లి అలాగేగా మోస్తుంది! వైష్ణవులు దాన్నే మార్జాల కిశోర న్యాయం అన్నారు: కోతిపిల్ల తల్లిని తనే పట్టుకుని వేలాడాలి, పిల్లికూన మాత్రం ఏమీ చెయ్యక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది, భగవంతుడికి శరణన్నవాడు అలా ఉండాలి అని. ఉపమానం గొప్పదే, కాకపోతే అది కూన సంగతి. ఎదిగిన పిల్లిని మెడ పట్టి ఎత్తితే అది బిగుసుకుపోయేది భక్తితో కాదు, భయంతో. ఈ కాలపు పిల్లి డాక్టర్లు ఆ పట్టు పట్టొద్దనే చెబుతున్నారు. ఎత్తక తప్పనప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద ఉండాలి, అదీ అది దిగుతానంటే వెంటనే దింపేటట్టు.

అనుభవం ఉంది కదా అని అనుకోవడంలో ఎంత మోసం ఉందో ఈ మధ్యే తెలిసింది. లండన్‌లో బాటర్సీ అనే పేరున్న కుక్కల, పిల్లుల ఆశ్రయం ఉంది. నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీకి చెందిన లారెన్ ఫింకా, ఆవిడ తోటివాళ్ళు అక్కడ కొందరు మనుషుల్ని పరిచయంలేని పిల్లుల దగ్గర కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ ఎలా తాకుతున్నారో వీడియో తీసి లెక్కకట్టారు. 2022లో అచ్చయింది ఆ పరిశోధన. పిల్లుల సంగతి మాకు బాగా తెలుసు అని చెప్పుకున్నవాళ్ళూ, ఏళ్ళ తరబడి పిల్లులతో కాపరం చేసినవాళ్ళూ, అవి ఇష్టపడని చోట్లే ఎక్కువగా తాకారట. తోక మొదలు, పొట్ట. ఇది చదివిన పూట పెద్దమ్మ కాస్త సిగ్గుపడింది. పొట్ట నిమరడం తన ప్రత్యేక విద్య అని ఇన్నాళ్ళూ అనుకుంటోంది మరి.

అంతకు ముందు ఏడాదే వాళ్ళు ఇంకో పని చేశారు. బాటర్సీలోనే 100 పిల్లుల దగ్గరికి మనుషుల్ని మొదట మామూలుగా పంపి, తరవాత కొద్ది నిమిషాల శిక్షణ ఇచ్చి పంపి చూశారు. శిక్షణ మరీ పెద్దదేం కాదు. పిల్లి దగ్గరికి వెళ్ళకుండా చెయ్యి కిందకి చాపి ఊరుకోవాలి, వస్తే వస్తుంది. అది ఏమంటోందో చూస్తూ ఉండాలి. తాకితే గడ్డం కింద, బుగ్గల మీద, చెవుల మొదట్లో తాకాలి, అదీ కాసేపు తాకి ఆపి, ఇంకా కావాలా అని దానికే వదిలెయ్యాలి. శిక్షణ తరవాత పిల్లులు కరవడం, గీరడం తగ్గింది, చనువు పెరిగింది. మనుషులు వాళ్ళే. మారింది మనిషి చెయ్యి ఒక్కటే.

బుగ్గలే ఎందుకు? పిల్లి తన వాసనను మనుషులకీ గుమ్మాలకీ పూసే గ్రంథులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కాళ్ళకు చెంప రాసుకుంటూ పోయే పిల్లి నిన్ను తన ఇంటి సామాన్లలో చేర్చుకుందన్నమాట. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించిందంటే నువ్వంటే భయం లేదని చెబుతోంది, అంతే. నిమరమని కాదు. నాలుగు పంజాలూ, నోరూ ఒకేసారి పనిచేసేది ఆ భంగిమలోనే.

"అది ఏమంటోందో చూడ్డం" అన్నమాటే అసలు చదువు. తోక నిట్టనిలువుగా, కొన కొంచెం వంగి ఉంటే పలకరింపు. ఒళ్ళో కూర్చున్న పిల్లి తోక నేలకేసి టపటపా కొడుతుంటే, చాలించమని. కుక్క తోక చూసి పెరిగినవాళ్ళు ఇక్కడే బోల్తాపడతారు. చెవులు పక్కలకి తిరగడం, వీపు మీద చర్మం అలలా కదలడం, తల చటుక్కున చేతివైపు తిప్పడం, ఇవన్నీ గీరడానికి ముందు వచ్చే ఉత్తరాలు. "ఉన్నట్టుండి గీరింది" అని మనుషులంటారు. ఉన్నట్టుండి కాదు, నాలుగు ఉత్తరాలు చింపి పారేశాక. గురగుర కూడా నూటికి నూరుపాళ్ళు సంతోషం అనుకోకు. ఈనేటప్పుడూ, నొప్పిలోనూ పిల్లి గురగురలాడుతుంది.

ఇక కళ్ళు. పిల్లంటే గిట్టని మీ మామయ్య వస్తే ఇక్కడి పిల్లి వెళ్ళి వెళ్ళి ఆయన ఒళ్ళోనే కూర్చునేది, గుర్తుందా? ఆయన దానివైపు చూడడు, చెయ్యి చాపడు, పలకరించడు. పిల్లి మర్యాదలో అంతకు మించిన పెద్దమనిషి లేడు. రెప్పవెయ్యకుండా చూడ్డం వాటి లోకంలో కయ్యానికి కాలుదువ్వడం. దానికి విరుగుడు ఉంది. ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీవాళ్ళు 2020లో పరీక్షించి చూశారు: మనిషి కళ్ళు చికిలించి, నెమ్మదిగా మూసి తెరిస్తే పిల్లీ తిరిగి అలాగే చేస్తుంది, ముక్కూ మొహం తెలియని మనిషి అలా చేసినా, చాపిన చేతి దగ్గరికి వచ్చే అవకాశం పెరిగింది. ఖర్చు లేని పని, జున్ను ముందు చేసి చూడు. మంచం కిందకి తొంగిచూస్తూ మాత్రం కాదు. గదిలో ఆ మూల నేలమీద కూర్చుని, చూపు కలిసినప్పుడే.

పిలిస్తే రాదన్నావు. టోక్యోలో సోఫియా యూనివర్సిటీ పరిశోధకురాలు అత్సుకో సైతో పిల్లులకు తమ పేరు తెలుసని 2019లో తేల్చింది. పేరు వినిపిస్తే చెవి తిరుగుతుంది, తల కదులుతుంది. లేచి రావడం వేరే విషయం. కాబట్టి జున్ను అన్న మాట వెనకాల ఎప్పుడూ మంచే జరగాలి: ఒక చేపముక్క, ఒక ఆట. మందు వెయ్యడానికి, స్నానానికి ఆ పేరు వాడితే అది ఇంకో గోనెసంచి అయి కూర్చుంటుంది. మందు మాట వచ్చింది కనక, జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం. చిన్న ముక్క కూడా పెట్టకూడదు.

ఇష్టం లేదేమో అన్నావు కదా. ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీలో ఐలీన్ కార్ష్ అనే ఆవిడ 1980ల్లో కూనల మీద పనిచేసింది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపు మనిషి చేతిలో మెలిగిన కూన మనుషుల్ని తనవాళ్ళలో కలుపుకుంటుంది, ఆ కిటికీ దాటితే కష్టమవుతుంది. జున్నుకు ఆ కిటికీ తెరిచి ఉన్న రోజుల్లో దాని చుట్టూ ఉన్నవి స్కూటర్లు, వాచ్‌మన్ కర్ర. తల్లి దాన్ని ఏడిళ్ళు తిప్పి ఉంటుంది. పదిహేను రోజులకే రాలేదని దిగులుపడితే ఎలా? కష్టమే కానీ కుదరనిది కాదు. అమెరికాలోనే ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో క్రిస్టిన్ విటాలే 70 కూనల్ని కొత్త గదిలో కాసేపు ఒంటరిగా ఉంచి, పెంచేవాళ్ళు తిరిగి రాగానే ఏం చేస్తాయో చూసింది. 64 శాతం కూనలు వాళ్ళను చూసి కుదుటపడి, మళ్ళీ గది తిరిగి చూడ్డంలో పడ్డాయి. పసిపిల్లలు తల్లి దగ్గర చేసేదీ అదే.

మీ అమ్మ కోపం సంగతి. రాత్రి వచ్చి సోఫా పక్కన తడిపిందని ముక్కు అందులో రాసి దెబ్బ వేసిందట. చెల్లెలికి విడిగా ఫోన్ చేసి చీవాట్లు పెట్టడం అయింది. పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందని పుట్టింట్లోనే కదా ఆవిడా విని పెరిగింది! దెబ్బకూ తడికీ సంబంధం ఉందని పిల్లికి తట్టదు, దెబ్బకూ మీ అమ్మకూ ఉన్న సంబంధం మాత్రం బాగా తడుతుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ బృందం 32 పిల్లుల్ని 77 వారాలు కనిపెట్టి చూసింది. వాటిలో 12 ఆరోగ్యంగా ఉన్నవి, మిగతావి మూత్రాశయం జబ్బువి. తిండి వేళ తప్పినా, చూసే మనిషి మారినా, ఏ జబ్బూ లేని పిల్లులు కూడా కక్కాయి, తిండి మానేశాయి, మట్టి ట్రే వదిలేసి బయట పోశాయి. కాబట్టి తడి కనిపిస్తే ముందు అడగాల్సింది ఇంట్లో ఏం మారిందని. ట్రే ఎక్కడుంది? వాషింగ్ మెషీన్ పక్కన అని రాశావు. అది దడదడలాడుతుంటే మనమైనా అక్కడ కూర్చుంటామా? తిండిగిన్నెకు దూరంగా, చప్పుడు లేని మూల, మూత లేని పెద్ద ట్రే, రోజూ ఎత్తిపొయ్యడం, సెంటు వాసన లేని మట్టి. అది చేశాకా తడుపుతుంటే, పదేపదే ట్రేలోకి వెళ్ళి ముక్కుతుంటే డాక్టరు దగ్గరికి. పోతు అయితే మూత్రం బిగిసిపోవచ్చు, ఆ పూటే వెళ్ళాలి.

వెళ్ళేటప్పుడు గోనెసంచి వద్దని చెప్పక్కర్లేదుగా. క్యారియర్ కొనమంటే మీ నాన్న స్టీలుది తెస్తాడేమో, పిల్లిది అని గట్టిగా చెప్పు. తెచ్చిన రోజునుంచే తలుపు తెరిచి గదిలో పడెయ్, లోపల నువ్వు కట్టి విడిచిన పాత చున్నీ పరువు. రెండు వారాలు పోతే అందులోనే నిద్రపోతుంది. అప్పుడు అది ఆస్పత్రి పెట్టె కాదు, దాని ఇల్లు.

దీపావళి గురించి చెప్పడానికే ఇంత తొందరగా రాయడం. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే ఏమీ వినపడదు, పిల్లికి 85,000 దాకా వినపడుతుంది. మీ ఫ్లాట్ల మధ్య పేలే లక్ష్మీబాంబు దానికెలా ఉంటుందో అనుకో. ఆ రోజు ఐదు గంటలకల్లా లోపలి గది కిటికీలు మూసి కర్టెన్లు దించు. ట్రే, నీళ్ళు, క్యారియర్ అక్కడే పెట్టు. సాంబ్రాణి హాల్లోనే వేసుకోమను. ఫ్యాను కాస్త జోరుగా తిరగనీ. బీరువా వెనక దూరినా, మంచం కిందే ఉన్నా, ధైర్యం చెప్పాలని బయటికి లాగకు. ఆ మంచం కింద చోటే ఇప్పుడు దానికి మూసుకోడానికి ఉన్న ఒకే ఒక్క తలుపు. నువ్వు నేలమీద చాప వేసుకుని, దానికి పక్కగా తిరిగి కూర్చుని, ఏదన్నా పుస్తకం మెల్లగా పైకి చదువుకో. మతాబులు మర్నాడు కాల్చుకోవచ్చు. కిందకి రాలేదేమని మీ నాన్న అడిగితే పెద్దమ్మ వద్దందని చెప్పు.

ఇట్లు
మీ పెద్దమ్మ