‘ఛంఘిజ్ ఖాన్’ తర్వాత ఏం చదవాలి?

ప్రశ్న: తెన్నేటి సూరి ‘ఛంఘిజ్ ఖాన్’ ఏకబిగిన చదివాను. తర్వాత పట్టిన చారిత్రక నవలలేవీ యాభై పేజీలు దాటలేదు. ఏం చదవాలి?
– ఓ పాఠకుడు, కుత్బుల్లాపూర్

జవాబు: మీ ఆసక్తి తగ్గలేదండీ, ఎంపికలోనే తేడా వచ్చింది. ‘చారిత్రక నవల’ అన్న మాట చూసి తీసుకుంటే సాహసమే దొరుకుతుందని లేదు. విశ్వనాథ ‘ఏకవీర’ గొప్ప నవలే, కానీ అక్కడి పోరంతా మనసుల్లో. మీరు అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ పట్టండి. ఆడది సింహాసనమెక్కడమేమిటని సామంతులు తిరగబడితే, రుద్రమదేవికి అండగా నిలిచిన గజదొంగ కథ అది. వర్ణనలు ఎక్కువంటారా? నిజమే, అవి కాస్త వేగంగా దాటేసినా కథ జారిపోదు. ఆపై నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ చదివితే అదే కాలం మరో కంట కనబడుతుంది. ఏదైనా కొనేముందు మధ్యలో నాలుగు పేజీలు చదవండి. ప్రతులు దొరక్కపోతే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, మీకు నచ్చినవీ నచ్చనివీ చెప్పి గ్రంథపాలకులనే నేరుగా అడగండి.