మొక్కు

"అమ్మా, తల్లీ! మా బాబుకి జ్వరం తగ్గితే నీకు పొంగలి పెడతాను."

ఇలా మొక్కుకోని అమ్మ ఉంటుందా? వాన కురవాలని మొక్కుతాం. కూతురి కాన్పు సుఖంగా జరగాలని మొక్కుతాం.

దేవుణ్ణి ఏదీ కోరకూడదని కొందరు అంటారు. కోరడం తప్పా? భగవద్గీత 7వ అధ్యాయం చూద్దాం. అందులో కృష్ణుడు నాలుగు రకాల భక్తుల గురించి చెప్పాడు. కష్టంలో ఉన్నవాళ్లు ఒకరు. తెలుసుకోవాలని వచ్చేవాళ్లు ఒకరు. డబ్బు, సంపద కోరేవాళ్లు ఒకరు. జ్ఞానులు ఒకరు. జ్ఞాని అంటే తనకు ఎక్కువ ఇష్టం అన్నాడు. అయినా నలుగురూ మంచివాళ్లే అన్నాడు. కాబట్టి అడగడం తప్పు కాదు.

మొక్కు అంటే దేవుడికి ఇచ్చిన మాట. తిరుమలలో తలనీలాలు ఇస్తారు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. అక్కడ తమ బరువుకు సరిపడా బెల్లం ఇస్తారు. ఆ బెల్లాన్నే 'బంగారం' అంటారు. చూశారా! ఆ తల్లులకు బెల్లమే బంగారం.

కానీ కొందరు మొక్కు తీర్చడానికి అప్పు చేస్తారు. మేకపోతుకు అప్పు. చుట్టాల భోజనాలకు అప్పు. లెక్క వేయండి. నెలకు నూటికి 3 రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చామనుకోండి. నెలకు వడ్డీ 300 రూపాయలు. ఏడాదికి 3,600 రూపాయలు. అసలు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంత ఖర్చు దేవుడు అడిగాడా? గీత 9వ అధ్యాయంలో కృష్ణుడు ఏమన్నాడు? ఆకు, పువ్వు, పండు, నీళ్లు - ఏది ఇచ్చినా భక్తితో ఇస్తే చాలన్నాడు. భాగవతంలో కుచేలుడి కథ మనకు తెలుసు. కుచేలుణ్ణి కృష్ణుడి దగ్గరికి వెళ్లమన్నది అతని భార్యే. కుచేలుడు తీసుకెళ్లింది అటుకులు. కృష్ణుడు పిడికెడు అటుకులు ఇష్టంగా తిన్నాడు.

ఇంకో మాట. మొక్కుకుంటే మన పని తీరిపోదు. బిడ్డకు జ్వరం వస్తే మొక్కుకోండి. వెంటనే ఆసుపత్రికీ తీసుకెళ్లండి. మందు వేయడం మన పని.

చెప్పుకుందాం

1. మీ ఊరిలో ఏ మొక్కులు మొక్కుతారు?
2. మొక్కు కోసం అప్పు చేసినవాళ్లు ఉన్నారా? ఆ అప్పు ఎన్నేళ్లకు తీరింది?
3. 5,000 రూపాయలకు నూటికి 2 రూపాయల వడ్డీ అయితే ఏడాదికి ఎంత?
4. మనం భర్త కోసం మొక్కుతాం. పిల్లల కోసం మొక్కుతాం. మీ కోసం మీరు ఎప్పుడైనా ఏమైనా కోరుకున్నారా? ఆ కోరికను ఒక వాక్యంలో రాయండి.