పోలీస్ స్కానర్‌లో కనిపించే ఆ నంబర్ ఎవరిది? పీ25 ట్రంకింగ్‌లో రేడియో యూనిట్లని గుర్తుపట్టడం ఎలా

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ కొని, ఎస్‌డీఆర్‌ట్రంక్ సెటప్ చేసి, మొదటిసారి డిస్పాచ్ గొంతు వినపడినప్పుడు వచ్చే కిక్కే వేరు. ఒక వారం విన్నాక మాత్రం అందరికీ ఒకటే డౌట్. స్క్రీన్ మీద టాక్‌గ్రూప్ పక్కన ఒక పొడుగాటి నంబర్ మారుతూ ఉంటుంది కదా, అది ఎవరిది? పెట్రోలింగ్ కారుదా, సూపర్‌వైజర్‌దా, డిస్పాచర్‌దా? ఉద్యోగం మీద డల్లాస్ వచ్చాక నాకు పట్టుకున్న పిచ్చి ఇది. ఈ ఆర్టికల్లో దాన్నే చూద్దాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ రాసేదంతా అమెరికా గురించి. అక్కడ 1986 నాటి ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ చట్టం ప్రకారం, ఎన్‌క్రిప్ట్ చేయకుండా అందరికీ అందేలా ఉన్న పోలీస్, ఫైర్ రేడియో వినడం తప్పు కాదు. అయినా న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకుని తిరగడం మీద ఆంక్షలున్నాయి. మన దేశంలో కథ పూర్తిగా వేరు. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 ప్రకారం అనుమతి లేకుండా మెసేజ్‌లను ఇంటర్‌సెప్ట్ చేస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ట్రై చేద్దాం అనుకుంటున్న తమ్ముళ్లూ, దీన్ని ప్రోటోకాల్ పాఠంగా మాత్రమే చదవండి.

ఇక అసలు విషయం. పాత పద్ధతిలో ఒక డిపార్ట్‌మెంట్‌కి ఒక ఫ్రీక్వెన్సీ. ట్రంకింగ్‌లో అలా కాదు. ఛానెళ్లన్నీ ఉమ్మడి. మన బ్యాంకులో టోకెన్ తీసుకుంటే ఏ కౌంటర్ ఖాళీగా ఉంటే అక్కడికి పిలుస్తారే, అలాగన్నమాట. ఆ టోకెన్లు పంచేది కంట్రోల్ ఛానెల్. ఆఫీసర్ బటన్ నొక్కగానే అతని రేడియో పర్మిషన్ అడుగుతుంది. సిస్టమ్ వెంటనే కంట్రోల్ ఛానెల్‌లో "ఈ టాక్‌గ్రూప్‌కి ఈ ఛానెల్ ఇచ్చాను, అడిగింది ఈ రేడియో" అని అనౌన్స్ చేస్తుంది. దీన్ని ఛానెల్ గ్రాంట్ అంటారు. టాక్‌గ్రూప్ నంబర్ 16 బిట్లు, అంటే 65,536 విలువలు. రేడియో ఐడీ 24 బిట్లు, అంటే 1,67,77,216. ఒక రాష్ట్రం మొత్తానికి రేడియోలు పంచినా మిగిలేంత.

చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. కొన్నిసార్లు గొంతు వినపడుతుంది కానీ ఐడీ దగ్గర ఖాళీ, లేదా సున్నా. డీకోడర్ పాడైందని అనుకోవద్దు. గ్రాంట్ మెసేజ్‌లో సోర్స్ ఐడీ ఉంటుంది. కానీ కాల్ నడుస్తుండగా పదే పదే వచ్చే గ్రాంట్ అప్‌డేట్‌లో ఒకే మెసేజ్‌లో రెండు కాల్స్ వివరాలు ఇరికిస్తారు కాబట్టి సోర్స్‌కి చోటుండదు. మీ స్కానర్ కాల్ మధ్యలో దూరితే దానికి దొరికేది అప్‌డేట్ మాత్రమే. అయితే ఫేజ్ 1 వాయిస్ ఛానెల్‌లో ఎల్‌డీయూ1 అనే ఫ్రేమ్‌లో టాక్‌గ్రూప్‌తో పాటు మాట్లాడే రేడియో ఐడీ కూడా వస్తుంది. ఎల్‌డీయూ1, ఎల్‌డీయూ2 కలిపి 360 మిల్లీసెకన్లు. సిగ్నల్ బాగుంటే ఒకట్రెండు రౌండ్లలో ఐడీ ప్రత్యక్షమైపోతుంది. సిగ్నల్ బాగుండటమే కష్టం అనుకోండి. పక్కపక్క టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి పంపే సైమల్‌కాస్ట్ ఉంటే అవి ఒకదాన్నొకటి చెడగొడతాయి. అందుకే 2018లో యూనిడెన్ ఎస్‌డీఎస్100 వచ్చినప్పుడు అంత ధర అయినా జనం ఎగబడ్డారు.

ఇప్పుడు నంబర్ నుంచి యూనిట్‌కి వెళ్దాం. కొన్ని సిస్టమ్‌లలో పని చాలా ఈజీ. మోటరోలా, ఎల్3హారిస్ రేడియోలు టాకర్ ఏలియాస్ అని పేరుని కూడా గాల్లో పంపగలవు, ఎస్‌డీఆర్‌ట్రంక్ దాన్ని చూపిస్తుంది. అది లేని చోట చెవులే దిక్కు. అమెరికా పోలీసుల్లో చాలాచోట్ల అక్షరాలు ఆల్ఫా, బ్రావో కాదు. ఆడమ్, బాయ్, చార్లెస్, డేవిడ్. డిస్పాచర్ "త్రీ ఆడమ్ ట్వెల్వ్" అని పిలిచింది అనుకుందాం. రెండు సెకన్లలో 4021317 అనే ఐడీ నుంచి "గో ఎహెడ్" అని వచ్చింది. వెంటనే పేరు రాసేయకండి. పక్క బీట్ వాడు మధ్యలో దూరి ఉండొచ్చు. నా రూల్ ఏంటంటే, వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు జత కుదరాలి, అందులో ఒక్కసారైనా ఆ గొంతే తన కాల్‌సైన్ తాను చెప్పుకోవాలి.

చేత్తో నోట్ చేస్తే విసుగొస్తుంది. ట్రంక్ రికార్డర్ వాడండి. ప్రతి కాల్‌కి ఆడియోతో పాటు ఒక జేసన్ ఫైల్ రాస్తుంది. అందులో సోర్స్ లిస్ట్ అని ఉంటుంది, ఏ ఐడీ కాల్‌లో ఏ సెకనుకి మాట్లాడిందో అందులోనే దొరుకుతుంది. ఇరవై లైన్ల పైథాన్‌తో ఏ ఐడీ ఏ టాక్‌గ్రూప్‌లో ఎన్నిసార్లు, ఏ గంటల్లో వచ్చిందో లెక్క తీయొచ్చు. అక్కడి నుంచి సరదా మొదలవుతుంది. ఒక డిపార్ట్‌మెంట్ రేడియోలకి తరచుగా వరుస నంబర్లు ఇస్తారు కాబట్టి బ్లాకులు బయటపడతాయి. షిఫ్ట్ మారినా ఆగకుండా ప్రతి యూనిట్‌తో మాట్లాడే ఐడీ డిస్పాచ్ కన్సోల్. ఒకే కాల్‌సైన్ రెండు ఐడీల నుంచి వస్తుంటే ఒకటి కారులో బిగించింది, ఇంకోటి భుజానికి తగిలించుకున్నది అయి ఉండొచ్చు. సైరన్, ఇంజిన్ శబ్దం ఏ దాంట్లో వినపడుతుందో గమనించండి. ఒకే ఐడీ నుంచి పది వేర్వేరు గొంతులు వస్తే అది మనిషి కాదు, వేరే సిస్టమ్‌తో కలిపిన ప్యాచ్. కాల్‌సైన్ రోజుకొకటి మారే ఐడీ అయితే రేడియో సొంతానిది, బీట్ మారుతోంది. కాల్‌సైన్ అదే ఉండి గొంతు మారితే రేడియోని షిఫ్టుల మధ్య పంచుకుంటున్నారు.

అంటే మనం గుర్తుపట్టేది రేడియోని, మనిషిని కాదు. ఈ తేడా మర్చిపోతేనే తప్పుడు లిస్టులు తయారవుతాయి.

ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇదంతా ఆగిపోతుందా? గొంతు ఆగిపోతుంది. ఏఈఎస్-256 కీ లేకుండా తెరవడం కుదరదు, అలా ప్రయత్నించడం చట్టవిరుద్ధం కూడా. కానీ ఐడీలు మాత్రం చాలా సిస్టమ్‌లలో ఓపెన్‌గానే వెళ్తాయి. 2011లో మాట్ బ్లేజ్, సాండీ క్లార్క్, మరికొందరు యూజ్‌నిక్స్ సెక్యూరిటీ సదస్సులో ఇచ్చిన పేపర్ ఎత్తిచూపిన లోపాల్లో ఇదొకటి. వాయిస్ దాచినా రేడియో గుర్తింపు బయటపడుతోందని, మౌనంగా ఉన్న రేడియోతో కూడా జవాబు ఇప్పించి దాని ఉనికి పసిగట్టొచ్చని చెప్పారు. రెండోది మనం చేసే వినికిడి కాదు, ట్రాన్స్‌మిట్ చేయడం. దాని జోలికి అస్సలు వెళ్లొద్దు.

అందుకే నా లిస్టులో పేర్లు రాయను. "పెట్రోల్, రాత్రి షిఫ్ట్", "కే9", "కన్సోల్ 2" అంతే. రేడియోలో బాధితుల పేర్లు, పుట్టిన తేదీలు కూడా వినపడతాయి, అలాంటి రికార్డింగ్‌లు షేర్ చేయను. రహస్యంగా పనిచేసే టీమ్ ఐడీ అని అనుమానం వస్తే పబ్లిక్ డేటాబేస్‌లో వేయను. ఇది మంచితనం కోసం మాత్రమే కాదు. 2020 అక్టోబర్‌లో కాలిఫోర్నియా న్యాయశాఖ వ్యక్తిగత వివరాలు గాల్లోకి ఓపెన్‌గా వెళ్లకూడదని ఆదేశించింది. పాలో ఆల్టో పోలీసులు 2021 జనవరిలో మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసేశారు. జర్నలిస్టులు, స్థానికులు గొడవ చేశాక 2022 సెప్టెంబర్‌లో మళ్లీ ఓపెన్ చేశారు. పేరు, లైసెన్స్ నంబర్ లాంటివి మాత్రం రెండూ కలిపి గాల్లో చెప్పకుండా వేరే దారిలో పంపితే చాలని తేల్చుకున్నారు. షికాగో లాంటి చోట్ల మాత్రం జనానికి మిగిలింది 30 నిమిషాలు ఆలస్యంగా వచ్చే ఆడియోనే. వీధి చివర సైరన్లు ఎందుకు మోగుతున్నాయో అప్పటికప్పుడు తెలుసుకునే దారి అక్కడ మూసుకుపోయింది.

మొదలుపెట్టేవాళ్లకి చివరిగా ఒక సెటప్ టిప్. ఒక్క డాంగిల్ నమ్మకంగా చూడగలిగేది 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు మాత్రమే. 800 బ్యాండ్ సిస్టమ్ ఛానెళ్లు అంతకంటే దూరదూరంగా ఉంటాయి. డబ్బులు ఒకదానికే ఉంటే దాన్ని కంట్రోల్ ఛానెల్ మీదే వదిలేయండి. గొంతులు కొన్ని పోతాయి కానీ ఆ సైట్‌లోని గ్రాంట్లన్నీ, వాటిలోని ఐడీలన్నీ లాగ్‌లో పడతాయి. రెండో డాంగిల్ వచ్చే నెల జీతానికి చూసుకోవచ్చు.