చిన్నవాని సరకును పెద్ద సంస్థ కొనుట

ఒక పెద్ద కర్మాగారము నడుచుటకు ఇనుమును బొగ్గును మాత్రమే చాలవు. పనివారి కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు, సామానులకు పెట్టెలు, యంత్రములకు మరలు వేలకొలదిగా కావలెను. వీనిని ఎవరియొద్ద కొనవలెను? ఇది వట్టి వ్యాపారప్రశ్నవలె తోచును గాని, ఏ యింటి పొయ్యి వెలుగునో, ఏ బిడ్డ బడికి వచ్చునో తీర్చునది తరచుగా ఈ ప్రశ్నయే. కావున పై తరగతుల బాలబాలికలకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునట్లు దీనిని ఒక పాఠముగా వ్రాయుచున్నాము.

తోలుపని, నేత, కమ్మరము, వడ్రంగము తెలిసినవారు మన దేశమున తరతరములుగా కలరు. పనితనము వారిది, అంగడి మాత్రము ఇతరులది. తాకట్టు పెట్టుటకు భూమి లేక, బ్యాంకిలో పలుకుబడి లేక, పెద్ద సంస్థల గుమ్మము తొక్కు మార్గము తెలియక వారిలో అనేకులు వెనుకబడిరి. అమెరికాలోను నల్లజాతివారు మొదలగు అల్పసంఖ్యాకుల స్థితి ఇట్టిదే యగుటచే, వారి సంస్థలనుండి పెద్ద కంపెనీలు సరకులు కొనునట్లు చేయుటకై 1972లో అచ్చట ఒక జాతీయమండలి ఏర్పడెను. సంస్థలో నూటికి 51 వంతులైనను వారిదై యుండవలెనని అది నియమము పెట్టెను.

మన దేశములో కేంద్రప్రభుత్వము 2012లో ఇట్టి కొనుగోలు విధానమును ప్రకటించెను. కేంద్ర శాఖలును, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలును తమ వార్షికపు కొనుగోలులో నూటికి 20 వంతులు సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండి కొనవలెననియు, అందులో 4 వంతులు షెడ్యూల్డు కులములు, తెగలవారి పరిశ్రమలనుండి కొనవలెననియు దాని సారము. 2018లో ఆ 20ని 25 చేసి, స్త్రీల పరిశ్రమలకు 3 వంతులు ప్రత్యేకించిరి.

ఇచ్చట మన పాఠకులలో కొందరికి సంబంధించిన సంగతి యొకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును అనుసరించి షెడ్యూల్డు కులముల హోదా హిందువులకును, తరువాతి సవరణలచే 1956నుండి సిక్కులకును, 1990నుండి బౌద్ధులకును మాత్రమే చెందును. కాబట్టి వృత్తి యొకటే యైనను, వీధి యొకటే యైనను, అట్టి కులములనుండి వచ్చిన క్రైస్తవ కుటుంబపు పరిశ్రమ ఆ 4 వంతులలో చేరదు. తెగల విషయమున ఈ మతనియమము లేదు. చేరనివారును నిరాశపడ నవసరము లేదు. 25 వంతుల సాధారణ భాగమునకు వారును అర్హులే.

ఇక లెక్క చూతము. ఒక సంస్థకు 4,000 జతల బూట్లు కావలెననుకొందము. ఒక పెద్ద కంపెనీ జతకు 600 రూపాయలని అందరికంటె తక్కువ ధర వేసినది; మన చిన్న పరిశ్రమ యజమాని 660 వేసినాడు. అతని ధర తక్కువ ధరకంటె నూటికి 15 వంతులకు, అనగా 690కి, మించలేదు. అట్టి యెడ అతడు 600కే యిచ్చుటకు ఒప్పుకొన్నచో, విభజింపదగిన ఆ టెండరులో నాలుగవ వంతు, అనగా 1,000 జతలు, అతనికి దక్కవచ్చును. టెండరు ధరావతు కట్టుట కూడ అతనికి తప్పును. కొనువానికి ఒక్క పైసయైనను అదనపు ఖర్చు లేదు. కావున ఇది దానము కాదు, న్యాయమైన బేరము.

అయితే బేరము కుదిరినంతమాత్రమున కష్టము తీరదు. జతకు తోలు, అడుగు, కూలి కలిపి 500 రూపాయలు పడుననుకొనుడు. వేయి జతలకు 5,00,000 పెట్టుబడి, రాబడి 6,00,000. చేతిలో 1,00,000 మాత్రమే యుండుటచే తక్కిన 4,00,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. వడ్డీ నెలకు 8,000. సొమ్ము 45 దినములలో వచ్చినచో వడ్డీ 12,000 పోగా 88,000 మిగులును. ఏడాదికి వచ్చినచో వడ్డీయే 96,000. మిగులునది 4,000 మాత్రమే! సరకు అదియే, ధర అదియే. ఆలస్య మొక్కటియే అతని కష్టమును మ్రింగివేసినది.

ఈ కీడును అరికట్టుటకే 2006 నాటి చట్టము ఏర్పడినది. వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు సొమ్ము 45 దినములకు మించకుండ చెల్లింపవలెను. ఒప్పందము లేనిచో 15 దినములే గడువు. తప్పినవారు రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చొప్పున, నెలనెలకు చక్రవడ్డీ నిచ్చుకొనవలెను. నూటికి 25 వంతుల నియమము ప్రైవేటు కంపెనీలకు లేదు గాని, ఈ గడువు వానికిని వర్తించును. అయినను, వడ్డీ యడిగినచో మరుసటి ఆర్డరు పోవునేమో యను భయముచే చిన్నవాడు తరచుగా నోరు మెదపడు. చట్టము పుస్తకములో నున్న బలము. సకాలమున చెల్లించు అధికారి చేతిలో నున్నదే నిజమైన బలము.

మరియొక మోసమును గుర్తింపవలెను. పేదవాని పేరు ముందు పెట్టి, లాభము ధనికుడు తీసికొనుట కలదు. 51 వంతులు కాగితముపై నుండిన చాలదు. తాళపుచెవియు లెక్కల పుస్తకమును అతని చేతనే యుండవలెను.

చిన్నవానికిని బాధ్యత కలదు. ఉద్యమ్ రిజిస్ట్రేషను ముందే చేయించుకొనవలెను. ఆర్డరు వ్రాతలో తీసికొనవలెను. సరకు అప్పగించిన తేదీకి రశీదు పొందవలెను. నాణ్యతలో మినహాయింపు కోరరాదు. ఏలయన, ఊడిపోయిన ఒక్క అడుగు, వెనుక రాబోవు పదిమందికి తలుపు మూయును.

విద్యార్థులారా, మీలో కొందరు చిన్న పరిశ్రమల యజమానులగుదురు. కొందరు పెద్ద సంస్థలలో బిల్లులపై సంతకము చేయుదురు. మొదటివారు పై లెక్కను చేయ నేర్చుకొనుడు. రెండవవారు బల్లపై నొక బిల్లు నిలిచియున్నప్పుడు, అది ఎవరి యింటి వడ్డీని పెంచుచున్నదో జ్ఞాపకముంచుకొని, నేటి సంతకమును రేపటికి వాయిదా వేయకుందురు గాక.