చిలుకకు ఏం పెట్టాలి?



మొన్న హాస్టలుకు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. "అన్నా, మీరు ఎమ్మెస్సీలో జంతుశాస్త్రం చదివారంట కదా. మా ఇంట్లో చిలుక ఉంది. అన్నం, బిస్కెట్ తప్ప ఏదీ ముట్టడం లేదు. ఏం పెట్టమంటారు?" అని అడిగాడు. మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. అందుకని జ్వరం మాత్ర దగ్గర నుంచి పట్టాదారు పాసుపుస్తకం దాకా ఏ కాగితం వచ్చినా మమ్మల్నే అడుగుతారు. చాలా వాటికి మాకు జవాబు తెలియదు. ఈ ప్రశ్నకు మాత్రం తెలుసు. తెలియని రోజుల్లో ఒక తప్పు చేశాం కాబట్టి తెలుసు. ఆ తమ్ముడికి చెప్పినదే అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాం.

మేము చేసిన తప్పు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పటికి మన నర్సీపట్నం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 2022లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. మేము ఏడో తరగతి. మర్నాడు పొద్దున్న ప్రహరీ పక్కన కూలిన చెట్టు కొమ్మల్లో ఒక రామచిలుక కనిపించింది. ఒక రెక్క వేలాడుతోంది. తువ్వాలు కప్పి పట్టుకుని, పాత వెదురు బుట్టలో పెట్టి, చిట్టి అని పేరు పెట్టుకున్నాం.

చిట్టికి తిండి తక్కువ చేశామని ఎవరూ అనలేరు. గది గదికీ పోటీయే. అన్నం ముద్దలు, సాంబారు అన్నం, పప్పు, టీలో ముంచిన బిస్కెట్, ఎవరి ఇంటి నుంచైనా వస్తే జంతికలు, వేరుశనగ గింజలు. చిలుక కదా అని అప్పుడప్పుడు ఒక పచ్చిమిరపకాయ. అది తింటుంటే మాకు కడుపు నిండినట్టుండేది. మెస్‌లో వంట చేసే అమ్మ మాత్రం, "ఒట్టి కూడు తిని పిట్ట బతుకుతాదేటిరా? పచ్చిదేదైనా పెట్టండి" అనేది. మేము నవ్వేవాళ్లం.

ఏప్రిల్ వచ్చేసరికి చిట్టి ఈకల మెరుపు పోయింది. కళ్ల చుట్టూ వాచింది. ముక్కులోంచి నీరు కారేది. నోరు తెరిస్తే లోపల తెల్లటి మచ్చలు. వార్షిక పరీక్షలు జరుగుతుండగానే ఒక రోజు తెల్లవారేసరికి బుట్టలో కదలకుండా పడి ఉంది. అది దేనివల్ల పోయిందో అప్పుడు ఎవరికీ చూపించలేదు. ఏళ్ల తర్వాత పక్షుల జబ్బుల గురించి చదువుతూ విటమిన్ ఎ లోపం లక్షణాల దగ్గర ఆగిపోయాం. మేము బుట్టలో చూసినవి ఒకటొకటిగా అక్కడ రాసి ఉన్నాయి.

అన్నం ఎందుకు చాలదు?

దీనికి ఒక పాత కథ ఉంది. 1890 ప్రాంతంలో జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి జబ్బుకు కారణం వెతుకుతున్నాడు. ఆయన కోళ్లకు సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెట్టేవారు. కోళ్ల కాళ్లు పడిపోయాయి. తర్వాత వంటమనిషి మారాడు. సైనికుల అన్నం కోళ్లకు ఇవ్వనన్నాడు. వాటికి పొట్టు తీయని బియ్యం పెట్టారు. కోళ్లు లేచి తిరిగాయి. బియ్యం మీద పొట్టుతో పోయేది విటమిన్ బి1 అని తర్వాత తేలింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతోనే మొదలైంది.

అంటే కడుపు నిండడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఈ సంగతి ప్రపంచానికి తెలియడంలో ఆ పక్షుల పాత్ర కూడా ఉంది.

అడవిలో చిలుక రోజంతా తిరుగుతుంది. జొన్న చేను, జామ తోట, మర్రి పండ్లు, బూరుగ పూలు, లేత మొగ్గలు, ఇలా పది చోట్ల పది రకాలు తింటుంది. బుట్టలో పెడితే ఆ ఎంపిక దానికి పోతుంది. మన చెయ్యి ఏది ఇస్తే అదే దాని లోకం. కాబట్టి ఆ పది రకాలూ మన చేతిలోనే ఉండాలి.

విటమిన్ ఎ కన్ను, ముక్కు, నోరు, ఊపిరి గొట్టాల లోపలి పొరలను కాపాడుతుంది. అది లేకపోతే ఆ పొరలు గట్టిపడతాయి, సూక్ష్మజీవులు సులువుగా చొరబడతాయి. అన్నంలో అది లేదు. బజారులో చిలుకల మేత అని అమ్మే పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం తక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి. రామచిలుక బరువు సుమారు 120 గ్రాములు. 6 గ్రాముల బిస్కెట్ పెడితే అది దాని బరువులో 5 శాతం. 40 కిలోల కుర్రాడికి అది 2 కిలోల బిస్కెట్లతో సమానం. మేము రోజుకు నాలుగైదు పెట్టేవాళ్లం.

మిరపకాయ దానికి కారం కాదా?

కాదు. మిరపలో కారం పుట్టించే పదార్థం కాప్సైసిన్. మన నాలుక మీద దాన్ని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. పక్షుల్లో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. కనుక మిరప పెట్టవచ్చు, మంచిదే. కాని మిరపే చిలుక తిండి అనుకోవడం పొరపాటు. మిరప అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చి సుమారు 500 ఏళ్లే అయింది. అంతకు ముందూ మన చిలుకలు బతికాయి.

ఏవి పెట్టాలి?

1. రంగున్న కూరగాయలు: గుమ్మడికాయ, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప. విటమిన్ ఎ తయారయ్యే పదార్థం వీటిలో పుష్కలం.
2. ఆకుకూరలు: మునగాకు, తోటకూర, కొత్తిమీర. మునగాకులో కాల్షియం కూడా ఎక్కువ. పాలకూర అప్పుడప్పుడు చాలు, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.
3. ఇతర కూరలు: బీన్స్, పచ్చి బఠాణీ, దోసకాయ, లేత మొక్కజొన్న కంకి.
4. గింజలు: చోళ్లు, గంటెలు, సామలు, కొర్రలు. మొలకెత్తిన పెసలు.
5. పండ్లు: జామ, బొప్పాయి, మామిడి, దానిమ్మ, గింజలు తీసిన సీతాఫలం. మన ఏజెన్సీ నుంచి దిగే పనస, అనాస కూడా. పండులో చక్కెర, నీరు ఎక్కువ. అందుకని మొత్తం తిండిలో పండు పదో వంతు ఉంటే చాలు. కూరగాయలు, ఆకుకూరలదే పెద్ద వాటా.

ఎలా పెట్టాలి?

పురుగుమందు పోయేలా బాగా కడిగి, తడి ఆరాక చిన్న ముక్కలుగా తరగాలి. పొద్దున్నే, ఆకలిగా ఉన్నప్పుడు ముందు కూరగాయలు పెట్టి, గింజలు తర్వాత పెట్టాలి. ఎండాకాలంలో రెండు గంటలకు మించి తరిగిన ముక్కలు ఉంచకూడదు, పులిసిపోతాయి. తాగే నీరు రోజూ మార్చాలి.

అన్నానికి అలవాటు పడిన చిలుక కొత్త వస్తువును చూసి భయపడుతుంది. పెట్టగానే తినలేదని మానేయకండి. పాత తిండి ఒక్కసారిగా తీసేయకండి, ఆకలితో చస్తుంది. అదే ముక్కను రోజూ కొంచెం పెట్టండి. దాని ఎదురుగా కూర్చుని మీరూ ఒక ముక్క తినండి. చిలుక గుంపులో బతికే పక్షి. ఎదుటివాళ్లు తింటే తానూ తింటుంది.

ఏవి పెట్టకూడదు?

టీ, కాఫీ, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు కారం వేసిన వంటకాలు, నూనె పిండివంటలు, బూజు పట్టిన వేరుశనగ. అవకాడో, అంటే బటర్ ఫ్రూట్, చిలుకకు విషం. ఆపిల్ పెడితే గింజలు తీసేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట

పై సంగతులన్నీ చెప్పాక ఆ తమ్ముడికి ఇంకొకటి కూడా చెప్పాం. అది వినగానే అతని ముఖం చిన్నబోయింది. అయినా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. 2022లో చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులోనూ ఈ రక్షణ కొనసాగింది. 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం రామచిలుకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఇళ్లలో పెంచుకోవడానికి అమ్మే బడ్జరిగార్లు, కాకటీళ్లు విదేశీ జాతులు. వాటి సంగతి వేరు. వాటికి కూడా పైన చెప్పిన తిండే, ముక్కలు ఇంకా చిన్నవిగా తరగాలి.

మరి ఇంట్లో ఇప్పటికే రామచిలుక ఉంటే? జాలిపడి ఒక్కసారిగా గాలిలోకి వదిలేయకండి. పంజరంలో పెరిగిన పక్షికి ఎగిరే బలం ఉండదు, తిండి వెతుక్కోవడం తెలియదు. కాకి పాలో పిల్లి పాలో అవుతుంది. పెద్దవాళ్లతో మాట్లాడి అటవీ శాఖవారికి అప్పగించండి. అప్పగించే రోజు దాకా సరైన తిండి పెట్టండి. దెబ్బ తగిలిన పిట్ట దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా ఉంచి, అదే రోజు అటవీ శాఖ కార్యాలయానికో పశువుల ఆసుపత్రికో తీసుకువెళ్లండి. చిట్టి విషయంలో మేము చేయవలసింది అదే. మాకు ప్రేమ ఉంది గాని తెలివి లేకపోయింది.

ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుగా ఉండే విషయం మరొకటుంది. చిట్టికి కావలసిన తిండి కొనడానికి డబ్బు అక్కర్లేదు. అది మెస్ వెనకాలే ఉండేది. గుమ్మడి చెక్కులు, క్యారెట్ తొక్కలు, తోటకూర కాడలు, మేము కంచం అంచుకు నెట్టేసిన మునగాకు, అన్నీ బకెట్‌లో పడేవి. చిట్టికి పెట్టలేదు సరే, మేమూ తినలేదు. అన్నం మీద పప్పు పోసుకుని, ఆకులు ఏరి పారేసేవాళ్లం. చిలుకకు తెల్లన్నం చాలనుకున్న మేమే, మాకూ అదే చాలనుకున్నాం.

తమ్ముళ్లూ, మెస్‌లో ఆకుకూర వచ్చిన రోజు కంచం అంచు ఒకసారి చూసుకోండి. కాకరకాయ మొదటి రోజు చేదే, నాలుగో రోజుకు అలవాటవుతుంది. చిలుకకు చెప్పిన సూత్రమే మనకూ వర్తిస్తుంది. ఎదురుగా ఒకరు తింటే పక్కవాడూ తింటాడు. ఆ ఒకరు మీరే అవ్వండి.

ఆ తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నతో మాట్లాడాడట. వచ్చే ఆదివారం చిలుకను తీసుకుని ఇద్దరూ అటవీ శాఖ కార్యాలయానికి వెళ్తున్నారు. ఈలోగా అది క్యారెట్ ముక్క ఒకటి కొరికిందట. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో ఉన్న సంతోషం మాకు చాలు.