రోజుకు ఐదు వాక్యాలు

"నాకు రాయడం రాదు" అని మనలో చాలామంది అంటాం. కానీ రాసిందే నిలుస్తుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండు పెద్దలు తమ లిపిలోని పాత రాతప్రతులు దాచుకున్నారు. అందుకే ఆ లిపి బతికింది. 2018లో కంప్యూటర్ అక్షరాల యూనికోడ్‌లోనూ చేరింది.

లంబాడీ భాషకు సొంత లిపి లేదు. అయితేనేం, తెలుగు అక్షరాలున్నాయి కదా! సెలవుల్లో తండాకు పోయినప్పుడు అవ్వ చెప్పే కథ రాసుకోండి. లేకుంటే అది ఆమెతోనే పోతుంది.

ఇక్కడ రోజూ స్టడీ అవర్ అయ్యాక ఐదు వాక్యాలు రాయండి. శామీర్‌పేట చెరువు, మెస్‌లో పప్పు, ఇంటిమీద బెంగ, ఏదైనా సరే. తప్పులొస్తే సార్ దిద్దుతారు. రాయగా రాయగా చేయి తిరుగుతుంది. నెల తర్వాత మొదటి పేజీ చూసుకుంటే మీకే నవ్వొస్తుంది. బాగున్నవి ఈ గోడమీద అంటిద్దాం!