దొంగ యడుగుజాడలు

దొంగలు పడిన యింట తెల్లవాఱగనే వాకిలి యూడ్చి కల్లాపి చల్లినచో వాకిలి శుభ్రమగునుగాని యడుగుజాడలు మాసిపోవును. కంప్యూటరులో దొంగ జొచ్చినప్పుడును మనము చేయు పొరపాటు ఇదియే. అంతయు తుడిచి క్రొత్తగా నెక్కింతుము. యంత్రము బాగుపడును, దొంగను పట్టు త్రోవ మూతపడును.

1986వ సంవత్సరమున అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటరు వాడుక పద్దులందు 75 సెంట్ల తేడా వచ్చెను. దాని కారణము వెదకు పని క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రజ్ఞుని కప్పగింపబడెను. ముక్కాలు డాలరు! మఱియొకడైనచో జేబులోనుండి తీసి పద్దు సరిచేసియుండును. స్టోల్ వెదకగా, పరాయివాడెవడో సొమ్ము చెల్లింపక ఆ యంత్రమును కొన్ని సెకండ్లు వాడుకొనెనని తేలెను.

వానిని వెలుపలికి నెట్టి త్రోవ మూసివైచుట సులభమే. స్టోల్ అట్లు చేయలేదు. వెలుపలినుండి వచ్చు తీగలకు ప్రింటర్లను తగిలించి, ఆగంతకుడు కొట్టిన ప్రతి యక్షరమును కాగితముపై నచ్చువేయించెను. ఇందలి యుక్తి గమనింపుడు. యంత్రములోని చిట్టాను దొంగ చెఱుపగలడు. గదిలోని కాగితమును చెఱుపలేడు. అదిగాక తాను చూచిన ప్రతి విషయమును తేదీతో, వేళతో పుస్తకమున వ్రాసికొనుచుండెను. నక్షత్రములను చూచువారి యలవాటు ఇచ్చట నక్కఱకు వచ్చినది. పిమ్మట దేశరక్షణ రహస్యములవలె తోచు బూటకపు పత్రములను ఎరగా నుంచెను. దొంగ వానిని చదువుచు నిలిచిన సమయమున టెలిఫోను జాడ తీయగా, అది పశ్చిమ జర్మనీలోని హానోవరు నగరమునకు పోయి చేరెను! అచ్చటి యువకుడును సహచరులును సోవియట్ గూఢచారి సంస్థయగు కేజీబీకి సమాచార మమ్ముచుండిరి. స్టోల్ జర్మనీకి పోయి సాక్ష్యమిచ్చెను. 1990లో వారు దోషులని తీర్పు వచ్చెను.

నేడు పరీక్షకులు మూలమును ముట్టక, పొల్లుపోకుండ నకలు తీసి, నకలునే పరీక్షింతురు. రెండింటికిని హ్యాష్ అను సంఖ్యను కట్టుదురు. వేయి పుటల గ్రంథమున నొక చుక్క మాఱినను ఆ సంఖ్య పూర్తిగా వేఱగును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము కోర్టుకిచ్చు ధ్రువపత్రమున ఈ సంఖ్యను చూపవలెను. సాక్ష్యము ఎవరి చేతినుండి యెవరి చేతికి, ఏ వేళ మాఱెనో తెలుపు పట్టికయు నట్లే ముఖ్యము. నడుమ నొక్క దినము లెక్కకు రాకున్నచో ప్రతివాది వకీలు అచ్చటనే పట్టుకొనును.

తలిదండ్రులకొక మాట. నాకు తెలిసిన యొక గృహస్థు ఫోనులో వచ్చిన మాయమాటలు నమ్మి బ్యాంకు సొమ్ము పోగొట్టుకొని, ఇంటివారు చూతురను సిగ్గుచే ఆ సందేశములన్నియు తుడిచివైచెను. పోలీసువారడిగినప్పుడు చూపుటకు బ్యాంకు పద్దు తప్ప నేమియు మిగులలేదు. సిగ్గుపడవలసినవాడు మోసగించినవాడు గదా! సందేశములను ఉన్నవి యున్నట్లే యుంచి, పంపినవాని నంబరును, సొమ్ము పోయిన వేళను, లావాదేవీ సంఖ్యను వ్రాసికొని, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు పరుగెత్తును.

పిల్లలారా, ఇంట నిట్టిది జరిగినచో, బాగుచేసెదమని నాయనగారి ఫోనును తీసికొని తుడువకుడు. ఆ నంబరును, ఆ వేళను వ్రాసిపెట్టుటకు మీ నోటుపుస్తకపు వెనుకపుట చాలును.